వేడి మీద సెల్ఫ్ అందుకోని పాత బండి: కార్బొరేటర్ ఉంచాలా, ఇంజెక్షన్‌కి మారాలా?

ఆదివారం_గ్యారేజీ
నా 1965 ఎమ్‌జీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుతో విసిగిపోయాను. రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బొరేటర్ల (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి ఇచ్చేవి) బండి. పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. గంటసేపు నడిపి, పది నిమిషాలు ఆపి, మళ్లీ తాళం తిప్పానా, ఇక అందుకోదు. బోనెట్ కింద నుంచి పెట్రోల్ వాసన గుప్పుమంటుంది, బ్యాటరీ నీరసపడిపోతుంది. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఐడిలింగ్ (బండి కదలకుండా ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కూడా నిలకడగా లేదు. ఒకరోజు 700, ఇంకోరోజు 1100.

మా నాన్నగారు నడిపిన బండి, అమ్మే ప్రశ్నే లేదు. కానీ పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరాలంటే టెన్షన్. ఈమధ్య కార్బొరేటర్ తీసేసి అదే చోట బిగించే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ కిట్లు వస్తున్నాయి కదా, పెట్రోల్ ఎంత చిమ్మాలో లెక్కగట్టే చిన్న కంప్యూటర్, ఈసీయూ, తనంతట తనే ట్యూనింగ్ నేర్చుకుంటుందట. మారిపోమంటారా?

వీ8_రథం
కళ్లు మూసుకుని మారిపో బ్రదర్. నాది 1969 మస్టాంగ్, 302 ఇంజిన్. నాలుగు నోళ్ల కార్బొరేటర్ తీసి థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ (గాలి లోపలికి వెళ్లే నోటి దగ్గరే పెట్రోల్ చిమ్మేది) పెట్టి మూడేళ్లయింది. చలిలో, ఎండలో, కొండ మీద, ఎక్కడైనా తాళం తిప్పితే చాలు. 2,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉండేదానిలో 82 శాతమే ఉంటుంది. కార్బొరేటర్‌కి ఆ సంగతి సరిగా తెలియదు, కింద పోసినంత ధారాళంగా పైన కూడా పెట్రోల్ పోస్తుంది. నల్ల పొగ, పికప్ ఉండదు. ఈసీయూ గాలి పీడనం కొలిచి దానికి తగ్గట్టు పోస్తుంది. జెట్ల (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాల ముక్కల) పెట్టె వెంటబెట్టుకుని తిరిగే రోజులు నాకు పోయాయి.

రెండు_సూదులు
ఆగండి. ముందు జబ్బేమిటో తెలియాలి, మందు సంగతి తర్వాత. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది వేడి. ఎమ్‌జీబీలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఇంజిన్‌కి ఒకే పక్కన ఉంటాయి. అంటే కార్బొరేటర్లు సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (కాలిన పొగ బయటికి పోయే వేడి గొట్టాలు) పైన కూర్చుంటాయి. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగులుతుంది, కొత్త పెట్రోల్ వస్తూ చల్లబరుస్తుంది. ఆపగానే ఆ రెండూ పోతాయి, మానిఫోల్డ్ వేడి మాత్రం పైకి కొడుతూనే ఉంటుంది. కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మరిగి జెట్ మీంచి పొంగి లోపలికి కారుతుంది. ఇంజిన్ మునిగిపోతుంది. మీకొచ్చే వాసన అదే.

ఈసారి ఇలా చేయండి. చోక్ ముట్టుకోవద్దు. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి, పంపు కొట్టినట్టు తొక్కుతూ వదలొద్దు. గాలి పూర్తిగా వెళ్లి చిక్కటి (పెట్రోల్ ఎక్కువైన) మిక్చర్ పల్చబడి అందుకుంటుంది. అందుకుంటే జబ్బు ఖాయమైనట్టే.

రెండోది ఐడిలింగ్. అది థ్రాటిల్ షాఫ్ట్ (కార్బొరేటర్‌లో గాలి తలుపు తిరిగే కడ్డీ) అరుగుదల అయ్యుండొచ్చు. ఇంజెక్షన్ పెట్టినా పెట్టకపోయినా ముందు ఇవి చూడండి.

చోక్_లాగు
కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాకూడదు. మాస్టారు చెప్పింది చేయండి ముందు.

ఎర్త్_వైరు
1965 ఎమ్‌జీబీ అన్నారు కదా. ఆల్టర్నేటర్ మార్చారా, ఇంకా డైనమోయేనా? బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉంది?

ఆదివారం_గ్యారేజీ
@ఎర్త్_వైరు డైనమోయే. బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంది. దీనికీ ఇంజెక్షన్‌కీ సంబంధం ఏమిటండీ?

@రెండు_సూదులు ఇవాళే నడిపి చూస్తాను మాస్టారూ.

ఎర్త్_వైరు
సంబంధం అంతా అక్కడే ఉంది. అందుకే అడిగాను.

1967 దాకా ఎమ్‌జీబీలు పాజిటివ్ ఎర్త్‌తోనే వచ్చాయి. ఇప్పుడొచ్చే ఈసీయూలన్నీ నెగెటివ్ ఎర్త్‌కి చేసినవి. పాజిటివ్ ఎర్త్ బండిలో వాటిని తిన్నగా కలిపితే తాళం తిప్పిన క్షణమే కాలిపోవచ్చు. అంటే ముందు బండి మొత్తం ఎర్త్ మార్చాలి. బ్యాటరీ వైర్లు, కాయిల్ వైర్లు తిప్పాలి, డైనమో ఉంచుకుంటే దాన్ని కొత్త దిక్కుకి పోలరైజ్ చేయాలి, ట్యాకోమీటర్ లోపల కూడా మార్పు చేయాలి. చేయలేని పనేం కాదు, కానీ పని.

అది అయ్యాక కరెంటు. మీ లూకాస్ సీ40 డైనమో బాగా తిరిగినప్పుడు ఇచ్చేది 22 ఆంపియర్లు. ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు, అప్పుడంతా బ్యాటరీయే మోస్తుంది. హెడ్‌లైట్లు రెండూ కలిపి 9 ఆంపియర్లు తీసుకుంటాయి. వాటికి తోడు ఇగ్నిషన్, వైపర్లు, హీటర్ ఫ్యాన్. దీని మీద హై ప్రెషర్ పంపు, ఈసీయూ, ఇంజెక్టర్లు, సెన్సర్ హీటరు ఎక్కించారంటే, వానలో రాత్రి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వోల్టేజీ పడిపోతుంది. ఇంజెక్టర్ తెరుచుకునే వేగం వోల్టేజీని బట్టి మారుతుంది. మరీ పడితే ఈసీయూ రీసెట్ అవుతుంది, బండి అక్కడే ఆగుతుంది.

కాబట్టి కిట్ అంటే కిట్ ఒక్కటే అనుకోకండి. ఆల్టర్నేటర్, కొత్త వైరింగ్, రిలేలు, మంచి ఎర్త్ పాయింట్లు, అన్నీ కలిపి లెక్క వేసుకోండి.

వీ8_రథం
ఇది నిజమే. మస్టాంగ్‌కి ఆల్టర్నేటర్, నెగెటివ్ ఎర్త్ మొదటి నుంచీ ఉన్నాయి కాబట్టి నాకు ఆ బాధ పడలేదు. అయినా నేనూ ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటర్ వేశాను.

పెట్రోల్_వాసన
నా అనుభవం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. "తనంతట తనే నేర్చుకుంటుంది" అన్న మాట నమ్మి నేనూ ఒక కిట్ బిగించాను. మొదటి వారం బ్రహ్మాండం. తర్వాత సైలెన్సర్లోంచి పొగ, ప్లగ్గులు మసి. ప్లగ్గు తీసి చూస్తే కాటుక డబ్బీలో ముంచి తీసినట్టు నల్లగా, ఎండు మసి. వేలితో రాస్తే రాలిపోయింది. రెండు నెలలు ఈసీయూని అనుమానించాను, వాళ్లతో వీళ్లతో గొడవ పడ్డాను.

చివరికి తేలిందేమిటంటే ఆక్సిజన్ సెన్సర్‌కి ముందున్న ఎగ్జాస్ట్ జాయింట్ దగ్గర సన్నటి లీకు. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీలుస్తోంది. సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనబడుతోంది, అంటే మిక్చర్ పల్చగా ఉందని ఈసీయూ అనుకుంటోంది, ఇంకా ఇంకా పెట్రోల్ పోస్తోంది. గాస్కెట్ మార్చాక నాలుగు రోజుల్లో సర్దుకుంది.

ఈసీయూకి సెన్సర్ ఏం చెబితే అదే వేదం. పాత బండి లీకుల బుట్ట అయితే అది తప్పునే నేర్చుకుంటుంది.

కొత్తగా_వచ్చా
ఒక చిన్న సందేహం. పల్చన, చిక్కన అంటున్నారు కదా, సరైనది ఎంత? అది కార్బొరేటర్‌కి ఎలా తెలుస్తుంది?

లాంబ్డా
@కొత్తగా_వచ్చా పెట్రోల్ పూర్తిగా కాలాలంటే బరువు లెక్కన 1 వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి కావాలి. 10 శాతం ఇథనాల్ కలిస్తే అది 14.1 దగ్గరికి వస్తుంది, ఎందుకంటే ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంది. అంటే పాత రోజుల్లో సరిగ్గా అమర్చిన జెట్టు ఇప్పటి పెట్రోల్‌తో కాస్త పల్చగా నడుస్తుంది. ఇంజెక్షన్లో సెన్సర్ చూసి దిద్దుకుంటుంది. కార్బొరేటర్లో మనం దిద్దాలి. గట్టిగా తొక్కినప్పుడు 14.7 కూడా వద్దు, 12.5 నుంచి 13 మధ్య ఉంటే బలం వస్తుంది.

ఎస్‌యూ సంగతి వేరు, అది చాలా తెలివైన వస్తువు. గాలి ఎంత లాగితే పిస్టన్ అంత పైకి లేస్తుంది. దానికి తగిలించిన సూది జెట్టులోంచి అంత బయటికి వస్తుంది. సూది కిందికి సన్నబడుతుంది కాబట్టి సందు పెరిగి పెట్రోల్ ఎక్కువ పోతుంది. ఒకే జెట్టు, ఒకే సూది, ఐడిలింగ్ నుంచి ఫుల్ థ్రాటిల్ దాకా. 1900ల మొదట్లో పుట్టిన ఆలోచన ఇది.

కొత్తగా_వచ్చా
ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు. థాంక్స్.

లాంబ్డా
అసలు ప్రశ్నకి వస్తాను. @ఆదివారం_గ్యారేజీ మీ ఇంజిన్‌లో ఒక మెలిక ఉంది, అది ఇంకా ఎవరూ చెప్పలేదు. నాలుగు సిలిండర్లకి ఇన్‌టేక్ పోర్టులు (గాలి లోపలికి వెళ్లే దారులు) రెండే. 1, 2 కలిసి ఒకటి, 3, 4 కలిసి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అంటే 2 పీల్చిన వెంటనే 1 పీలుస్తుంది, 3 పీల్చిన వెంటనే 4. రెండూ ఒకదాని వెంట ఒకటి లాగి, ఆ తర్వాత ఆ పోర్టు చాలాసేపు ఖాళీగా ఉంటుంది. ఒకే కుండలో ఇద్దరు వరసగా ముంత ముంచినట్టు. వెనక వచ్చేవాడికి ఏం మిగులుతుందో ముందువాడి మీద ఆధారపడుతుంది.

కార్బొరేటర్‌కి ఇది పెద్ద సమస్య కాదు. గాలి కదిలినంతసేపూ పెట్రోల్ దాంతోపాటే వెళుతుంది. కానీ పోర్టు దగ్గర ఇంజెక్టర్ పెట్టి ఎప్పుడంటే అప్పుడు చిమ్మితే ఒక సిలిండర్ చిక్కగా, పక్కది పల్చగా తయారవుతాయి. సెన్సర్ ఒక్కటే కాబట్టి రెండింటి సగటు చూసి అంతా బాగుందనుకుంటుంది. పల్చగా ఉన్న సిలిండర్ వేడెక్కుతుంది, మనకి తెలియదు.

ఇదే రకం పోర్టులున్న ఏ-సిరీస్ ఇంజిన్‌కి రోవర్ వాళ్లు 1991లో మినీ కూపర్‌లో ఇంజెక్షన్ పెట్టినప్పుడు ఒకే ఇంజెక్టర్‌ని థ్రాటిల్ బాడీలో పెట్టారు. 1996లో రెండు ఇంజెక్టర్లతో తెచ్చారు, ఒక్కో పోర్టుకి ఒకటి, చిమ్మే సమయం లెక్కగట్టి. కార్ల కంపెనీయే అంత జాగ్రత్త పడింది.

అందుకని మీరు మారాలనుకుంటే థ్రాటిల్ బాడీ రకం ఎంచుకోండి, పోర్టు ఇంజెక్షన్ జోలికి పోవద్దు.

చోక్_లాగు
కుండలో ముంత. ఇక ఈ ఇంజిన్ బోనెట్ ఎత్తినప్పుడల్లా అదే కనబడుతుంది నాకు.

బీటిల్_బాబాయ్
ఇంజెక్షన్ అంటే క్లాసిక్ కార్లకి పరాయిది అన్నట్టు మాట్లాడుకుంటున్నాం కానీ అలా ఏం లేదు. మెర్సిడెస్ 300ఎస్‌ఎల్‌కి 1954లోనే మెకానికల్ ఇంజెక్షన్ ఉంది. క్రైస్లర్ 1958లో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమ్మింది, ఆ కాలపు ఎలక్ట్రానిక్స్ తట్టుకోలేక వాటిలో చాలావాటికి తర్వాత కార్బొరేటర్లు బిగించారు. 1967లో బాష్ డీ-జెట్రానిక్‌తో ఫోక్స్‌వాగన్ టైప్ 3 వచ్చింది. అమెరికాకి పంపిన బీటిల్‌కి 1975 నుంచి ఇంజెక్షనే.

నా బీటిల్‌కి మాత్రం కార్బొరేటరే. ఒంటి నోటి కార్బొరేటర్, విప్పి కడిగి బిగించడానికి ఒక పూట చాలు. రోడ్డు పక్కన ఆగినా స్క్రూడ్రైవర్‌తో ఇంటికొస్తాను. ఈసీయూ పోతే?

వీ8_రథం
@బీటిల్_బాబాయ్ ఈసీయూ పోవడం నా మూడేళ్లలో ఒక్కసారి కూడా జరగలేదు. రోడ్డు పక్కన స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మాత్రం అంతకుముందు నెలకోసారి జరిగేది. స్క్రూడ్రైవర్‌తో ఇంటికి రావడం కన్నా దాని అవసరమే లేకుండా రావడం మేలు కదా బాబాయ్.

ఇంకో మాట. ఇప్పటి పెట్రోల్ పాత పెట్రోల్ కాదు. అందులో తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరవడం మొదలుపెడతాయి. ఇంజెక్షన్ లైన్లో ప్రెషర్ ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా మరగదు. మూత బిగించిన కుక్కర్ లాగా. ఫ్లోట్ గిన్నె మూత లేని గిన్నె. వేడి స్టార్టింగ్ సమస్యకి ఇంజెక్షన్ నిజమైన పరిష్కారం, ఇది ఎవరూ కాదనలేరు.

రెండు_సూదులు
కాదనను. ఆ ఒక్క విషయంలో ఇంజెక్షన్‌దే పైచేయి. కానీ ఆ ప్రెషర్ ఎంతో కూడా చెప్పాలి. ఎస్‌యూకి 3 పీఎస్‌ఐ చాలు. మీ థ్రాటిల్ బాడీకి 58 దాకా కావాలి, దాదాపు ఇరవై రెట్లు. యాభై ఏళ్ల నాటి రబ్బరు గొట్టంలో అంత ప్రెషర్ పెడితే ఎక్కడో ఒకచోట చిమ్ముతుంది, అదీ మానిఫోల్డ్ మీద. ఇంజెక్షన్ కోసం చేసిన 30ఆర్9 రకం గొట్టం, దానికి తగ్గ క్లాంపులు వాడాలి. గుద్దుకుంటే పంపు ఆగే ఇనర్షియా స్విచ్ పెట్టాలి. వీటిలో దేన్నీ మిగుల్చుకోవద్దు.

ఇంకొకటి ట్యాంకు. పాత ట్యాంకుల్లో చాలావాటికి లోపల అడ్డుగోడలు ఉండవు. సగం కన్నా తక్కువ పెట్రోల్ ఉన్నప్పుడు మలుపు తిరిగితే అంతా ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తుంది. కార్బొరేటర్ బండికి ఫ్లోట్ గిన్నెలో ఉన్నది ఆ నాలుగు క్షణాలూ సరిపోతుంది. ఇంజెక్షన్‌కి ఆ నిల్వ లేదు, వెంటనే మిస్ కొడుతుంది. చిన్న సర్జ్ ట్యాంకు పెట్టుకోవాలి.

పెట్రోల్_వాసన
మాస్టారు చెప్పిన మలుపు సంగతి అక్షరాలా నిజం. ఎడమ మలుపుల్లో ఒక్క క్షణం ఇంజిన్ ఆగి మళ్లీ అందుకునేది. సర్జ్ ట్యాంకు పెట్టాకే పోయింది.

ఆదివారం_గ్యారేజీ
ఇవాళ చేసినవి రాస్తున్నాను.

గంట నడిపి ఆపాను. పది నిమిషాలయ్యాక తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా విన్నాను. వెనక పంపు టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు కొట్టి ఆగిపోయింది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాను. ఎనిమిది సెకన్లకి అందుకుంది! వెనక నుంచి నల్ల పొగ వచ్చి క్లియర్ అయింది. నెలలుగా ఇబ్బంది పడింది దీని కోసమా అనిపించింది.

ఐడిలింగ్ సంగతి ఇంకా చూడలేదు.

రెండు_సూదులు
పంపు చప్పుడు విన్నారే, శభాష్. మూడు కొట్టి ఆగిందంటే గిన్నెలు నిండే ఉన్నాయి, పెట్రోల్ రాకపోవడం కాదు, ఎక్కువవడమే. కొడుతూనే ఉంటే గిన్నె ఎండిపోయిందనో, ఫ్లోట్ నీడిల్ మూసుకోవడం లేదనో అనుకోవాలి.

ఇప్పుడు హీట్ షీల్డ్ చూడండి. కార్బొరేటర్లకీ ఎగ్జాస్ట్‌కీ మధ్య ఉండే రేకు. దాని వెనక ఇన్సులేషన్ పొర ఉండాలి. ఒక హెచ్చరిక, ఆ కాలపు పొరల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకడం, గాలి కొట్టడం చేయొద్దు.

థ్రాటిల్ షాఫ్ట్ రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టకటకమని ఆడితే అరిగినట్టే.

ఎర్త్_వైరు
కాయిల్ కూడా చూడండి. వేడెక్కాక స్పార్క్ బలహీనపడే కాయిల్ కూడా అచ్చం ఇలాగే ఏడిపిస్తుంది. అందుకోనప్పుడు ఒక ప్లగ్గు బయటికి తీసి ఎర్త్‌కి ఆనించి స్పార్క్ చూడటం రెండు నిమిషాల పని. కాకపోతే పెట్రోల్ పొంగి ఉన్నప్పుడు ఆ పక్కన వద్దు, దూరంగా పెట్టండి. కార్బొరేటర్‌కి అంటగట్టే జబ్బుల్లో చాలా భాగం ఇగ్నిషన్‌వే.

ఆదివారం_గ్యారేజీ
రెండు వారాలయింది. ఆలస్యానికి మన్నించండి.

స్పార్క్ వేడిలో కూడా నీలంగా, గట్టిగా ఉంది. హీట్ షీల్డ్ వెనక పొర ఎప్పుడో రాలిపోయింది, ఉత్త రేకు మిగిలింది. కొత్తది వేశాను. ఫ్లోట్ ఎత్తు కూడా ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంది, సరిచేశాను.

షాఫ్ట్ విషయంలో మాస్టారి అంచనా తప్పలేదు. వెనక కార్బొరేటర్ షాఫ్ట్ నా వేళ్ల మధ్య టకటకలాడింది. బయటికి తీసి వెలుతుర్లో పట్టుకుంటే, బేరింగ్ ఆనే చోట గోరు తగిలేంత మెట్టు. అక్కడి నుంచే గాలి దొంగతనంగా వెళుతోంది. రెండు కార్బొరేటర్లకీ బుష్షులు, కొత్త షాఫ్టులు వేయించాను.

తర్వాత మాస్టారు పాత చర్చలో రాసిన పద్ధతిలో ట్యూనింగ్ చేశాను. జెట్ నట్లు పైదాకా తిప్పి, అక్కడి నుంచి రెండు చుట్లు కిందికి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బొరేటర్ నోటి దగ్గర. రెండింట్లో బుస ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పాను. పిస్టన్‌ని పిన్నుతో రవ్వంత లేపితే ఇంజిన్ కొంచెం వేగం పుంజుకుని వెంటనే మామూలైంది. అలా వస్తే సరిగ్గా ఉన్నట్టని రాశారు కదా. మా అమ్మాయి టార్చి పట్టుకుని నిలబడింది, చివర్లో గొట్టం అడిగి తనూ విన్నది. "పాము నాన్నా" అంది.

ఐడిలింగ్ 800 దగ్గర కదలకుండా నిలబడింది. వేడి మీద పదిసార్లు ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే తొమ్మిదిసార్లు వెంటనే అందుకుంది. పదోసారి యాక్సిలరేటర్ తొక్కి పట్టాల్సి వచ్చింది.

ఇంజెక్షన్ ఆలోచన పక్కన పెట్టాను. నాన్నగారు చోక్ లాగిన ఆ నాబ్ ఉత్తుత్తి నాబ్‌గా మిగలడం నాకు ఇష్టం లేదు కూడా.

రెండు_సూదులు
చాలా సంతోషం. మీ అమ్మాయికి ఆ గొట్టం ఇచ్చేయండి, చెవి చిన్నప్పుడే తయారవ్వాలి.

వీ8_రథం
బాగుచేసుకున్నావు, మనస్ఫూర్తిగా అభినందనలు. నీ బండికి ఇది సరైన నిర్ణయమే, సియామీ పోర్టుల (రెండు సిలిండర్లకి ఒకే పోర్టు) సంగతి, డైనమో సంగతి విన్నాక నేనూ అదే అంటాను. కానీ రోజూ ఆఫీసుకి నడిపేవాళ్లకి, కొండలెక్కి దిగేవాళ్లకి నా మాట మారదు. ఆ పదోసారి ఇబ్బంది కూడా నాకు కుదరదు.

బీటిల్_బాబాయ్
ఇంజెక్షన్ పెట్టుకునేవాళ్లు తీసిన కార్బొరేటర్, మానిఫోల్డ్, ఎయిర్ ఫిల్టర్ పారేయొద్దు. నూనె రాసి పెట్టెలో దాచండి. ఫీవా (పాత బండ్ల అంతర్జాతీయ సమాఖ్య) లెక్కలో 30 ఏళ్లు నిండడమే కాదు, బండి చారిత్రకంగా సరైన స్థితిలో ఉండాలి. రేపు ఎవరికైనా తిరిగి బిగించాలనిపిస్తే దొరకాలి.

కొత్తగా_వచ్చా
నేను మాత్రం ఇంజెక్షన్ వైపే వెళుతున్నాను. నాది వీ8, నెగెటివ్ ఎర్త్, ఆల్టర్నేటర్ ఉంది, రోజూ నడుపుతాను, మధ్యలో ఘాట్ రోడ్డు కూడా ఉంది. @వీ8_రథం అన్నా, ట్యాంకుకి రిటర్న్ లైన్ వేశారా? వేయకుండా కూడా కుదురుతుందంటున్నారు.

వీ8_రథం
వేశాను, నువ్వూ వెయ్యి. పెట్రోల్ తిరుగుతూ ఉంటే బోనెట్ కింద నిలిచి వేడెక్కదు. రెగ్యులేటర్ దగ్గర నుంచి తిన్నగా ట్యాంకుకి, పంపు పీల్చే చోటికి దూరంగా దించు. ప్లగ్గు వైర్లు ఏవి ఉన్నాయి?

కొత్తగా_వచ్చా
పాత రాగి తీగ వైర్లు.

ఎర్త్_వైరు
వాటిని ముందు మార్చు తమ్ముడూ. రాగి తీగ వైర్ల నుంచి వచ్చే అలజడికి ఈసీయూకి ఆర్‌పీఎమ్ తప్పుగా కనబడుతుంది. రెసిస్టర్ వైర్లు, రెసిస్టర్ ప్లగ్గులు వెయ్యి. ఈసీయూకి పవరు, ఎర్త్ రెండూ తిన్నగా బ్యాటరీ నుంచే తీసుకో, కాయిల్ వైర్ల పక్కన నడపొద్దు.

ఆదివారం_గ్యారేజీ
మాస్టారూ, ఒక్కటి అడగడం మర్చిపోయాను. కార్బొరేటర్ పైన డ్యాష్‌పాట్లో (పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆపే ఆయిల్ గది) ఏ ఆయిల్ పోయాలి? ఒకదాంట్లో ఎండిపోయి ఉంది.

రెండు_సూదులు
20 గ్రేడు ఇంజిన్ ఆయిల్. పిస్టన్ మధ్యలో ఉన్న బోలు కడ్డీ అంచుకి అర అంగుళం పైదాకా. ఎండిపోయినదాంట్లో తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి మిక్చర్ పల్చబడుతుంది, పికప్‌లో తడబాటు వస్తుంది. నింపి ఒకసారి నడిపి చూసి చెప్పండి.

ఆదివారం_గ్యారేజీ
ఇప్పుడే నింపాను. రెండో గేరులో తొక్కగానే తడబడేది, ఆ తడబాటు పోయింది.